ఏడ్చినా ముడత పడని నుదురు

పెళ్ళికి ఇంకా తొమ్మిది రోజులుంది. శుభలేఖలు పంచేశారు, వంటవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేశారు, చీరలకి ఫాల్స్ కుట్టించడం మాత్రం మిగిలింది. అలాంటి రోజున పెళ్ళికొడుకు తల్లి, అంటే మా పెద్దమ్మ కూతురు, నాతో కలిసి ఒక హాస్పిటల్లో న్యూరాలజిస్టు గది బయట స్టీలు కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ కంటి రెప్ప సగానికి వాలిపోయింది. ముందు రోజు పొద్దున అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ చూసుకుందట. నిద్ర చాలక అనుకుని చన్నీళ్ళతో కడుక్కుంది. మధ్యాహ్నానికి ఇంకా దిగింది.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన టార్చి వేసి చూశాడు. వయసు 52, బీపీ ఉంది, ఒక్క కన్నే ఉన్నట్టుండి వాలింది, ఎందుకైనా మంచిది న్యూరాలజిస్టుకి చూపించి మెదడు స్కాన్ తీయించండి అన్నాడు. "ఈ మధ్య ఏమైనా ఇంజెక్షన్లు చేయించుకున్నారా అమ్మా? కొత్త మందులేమైనా?" అని కూడా అడిగాడు. "ఏం లేవండీ" అంది అక్క. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట తడుముకోకుండా వచ్చింది.

స్టీలు కుర్చీలో కూర్చున్నాక అక్క ఏడుపు మొదలుపెట్టింది. పక్షవాతమేమో, పెళ్ళి ఆగిపోతుందేమో అని. నేను భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతూ ముఖం చూశాను. ఏదో తేడా కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు, పెదవులు వంకర పోతున్నాయి, గడ్డం వణుకుతోంది. నుదురు మాత్రం ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. మా అక్క ఏడిస్తే కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు పడతాయి, చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు. అవి లేవు.

ఇంకో సంగతి. రెప్ప వాలినవాళ్ళెవరైనా తెలియకుండానే ఆ వైపు కనుబొమ్మ పైకెత్తుతారు, ఆ కాస్త లాగుడుతో కన్ను తెరుచుకుంటుందని. మా హాస్పిటల్లో అలాంటి పేషెంట్లని ఎంతోమందిని చూశాను. అక్క ఎత్తబోతోంది, లేవట్లేదు.

"అక్కా, నుదుటికేమైనా చేయించుకున్నావా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కర్చీఫ్ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి, "మీ బావగారికి మాత్రం చెప్పకే" అంది.

నేను డాక్టర్ని కాను. హాస్పిటల్ ఫార్మసీలో ఇరవై రెండేళ్ళ నుంచి ఉన్నాను. మందు ఏజెన్సీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి వార్డుకి వెళ్ళేదాకా అది నా బాధ్యత. కాబట్టి ముడతలు పోవడానికి గుచ్చే ఈ బొటాక్స్ ఇంజెక్షన్ గురించి నేను రాసేది అందం వైపు నుంచి కాదు, ఫ్రిజ్ వైపు నుంచి అనుకోండి.

అక్క చెప్పింది ఇదీ. ఇంటికి దగ్గర్లో ఒక బ్యూటీ క్లినిక్. పేరు రాయను. అక్కడ పెళ్ళిళ్ళ సీజన్‌కి ప్యాకేజీలున్నాయి. పెళ్ళికూతురికొకటి, పెళ్ళికొడుకు తల్లికొకటి. ఫేషియల్, ఐబ్రోస్, పెడిక్యూర్, వాటి పక్కనే "యాంటీ ఏజింగ్ షాట్". ఆదివారం ఆఫరుంది, ఏడున్నర వేలు. తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి వచ్చి, ముందే నింపి పెట్టుకున్న సిరంజితో అయిదో ఆరో చోట్ల గుచ్చింది. రెండు నిమిషాల పని. ఆ వెంటనే పడుకోబెట్టి నుదురంతా రుద్దుతూ ఫేషియల్ చేసింది.

"తెల్ల కోటు వేసుకుంది కదే, డాక్టరే అనుకున్నా" అంది అక్క.

బిల్లు చూపించమన్నాను. "బ్రైడల్ ప్యాకేజ్, 1" అని ఉంది. మందు పేరు లేదు, కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు. మా ఫార్మసీలో పారాసిటమాల్ బిల్లు మీద కూడా బ్యాచ్ నంబర్ ఉంటుంది.

నా కోపమంతా అక్కడే. బొటాక్స్ విషమా మందా అని టీవీల్లో చర్చ పెడుతుంటారు. విషమే, అందులో దాచేదేముంది? మోతాదు దాటితే గుండెకిచ్చే డిజాక్సిన్ విషమే, ఇన్సులిన్ విషమే. వాటిని మనం రోజూ ఇస్తున్నాం. ఎందుకివ్వగలుగుతున్నామంటే వాటి చుట్టూ చీటీ, బిల్లు, ఫ్రిజ్ టెంపరేచర్ రాసే పుస్తకం, తప్పు జరిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనిషి, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి. బొటాక్స్ విషయంలో ఆ కంచె మొత్తం తీసేసి, మందుని తీసుకెళ్ళి రేట్ల బోర్డు మీద ఐబ్రోస్ పక్కన పెట్టారు. ప్రమాదం అక్కడ మొదలైంది.

ఈ మందుని దేనితో కొలుస్తారో తెలిస్తే ఎవరూ దాన్ని ఫేషియల్‌తో కలిపి అమ్మరు. మామూలుగా మందుల్ని మిల్లీగ్రాముల్లో కొలుస్తాం. దీన్ని యూనిట్లలో. ఒక యూనిట్ అంటే, ఇరవై గ్రాముల బరువుండే చిట్టెలుకల పొట్టలోకి ఎక్కిస్తే వాటిలో సగం చచ్చిపోయే మోతాదు. నిజంగానే అదే నిర్వచనం. కనుబొమ్మల మధ్య గీతలకి వేసేది మొత్తం 20 యూనిట్లు, అయిదు చోట్ల, చోటుకి నాలుగు చొప్పున. మనిషి ప్రాణం తీయడానికి దాదాపు 3,000 యూనిట్లు కావాలని కోతుల మీద జరిగిన ప్రయోగాల్నిబట్టి వేసిన అంచనా. అంటే సరైన వయల్ (మందు సీసా), సరైన లెక్క, సరైన చెయ్యి ఉన్నంతవరకూ ప్రాణభయానికి చాలా దూరంలోనే ఉంటాం. ఆ మూడింట్లో ఏదీ మా అక్కకి తెలియదు. ఆమె ఒంట్లోకి వెళ్ళింది 20 యూనిట్లా, 40 యూనిట్లా, అసలు ఆ మందేనా అన్నది ఈ రోజుకీ మాకు తెలియదు.

అది చేసే పని చెబుతాను. కండరం కదలాలంటే నరం చివర్న అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవ్వాలి. ఈ టాక్సిన్, అంటే బొటాక్స్‌లో ఉండే విషం, నరంలోకి దూరి, ఆ విడుదలకి కావాల్సిన ఒక ప్రొటీన్‌ని కత్తిరించేస్తుంది. నరం బాగానే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది, మధ్యలో కబురు మాత్రం అందదు. రెండు మూడు రోజుల్లో మొదలై, రెండు వారాలకి పూర్తిగా పట్టి, మూడు నాలుగు నెలలకి మెల్లగా వదులుతుంది. ఒకసారి నరంలోకి వెళ్ళాక దాన్ని వెనక్కి లాగే మందు లేదు. యాంటీటాక్సిన్ అని ఒకటుంది గానీ, అది రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది, నరంలోకి దూరినదాన్ని ఏమీ చేయలేదు. పైగా అది మందుల షాపులో అడిగితే ఇచ్చే సరుకు కాదు.

నుదుటికి వేసిన మందు కంటి రెప్పకెలా పోతుందని అక్క అడిగింది. కనుబొమ్మకి మరీ దగ్గరగా గుచ్చినా, నీళ్ళు ఎక్కువ కలిపినా, వేసిన వెంటనే రుద్దినా అది కిందికి జారి రెప్పనెత్తే కండరాన్ని పడుకోబెట్టేస్తుంది. అందుకే కనుబొమ్మ ఎముక అంచుకి కనీసం ఒక సెంటీమీటరు పైన వేయాలంటారు, ఆ రోజంతా ముఖం రుద్దుకోవద్దంటారు. కనుబొమ్మల మధ్య గీతల కోసం పద్ధతిగా జరిపిన ట్రయల్స్‌లోనే నూటికి ముగ్గురికి రెప్ప వాలింది. అన్నీ తెలిసినవాళ్ళ చేతుల్లోనే అంత జరిగితే, వేసి వెంటనే మసాజ్ చేసేవాళ్ళ చేతుల్లో ఎంతమందికి జరుగుతుందో లెక్క కట్టినవాళ్ళు లేరు.

ఇక్కడ వయల్ గురించి కొంచెం చెప్పాలి. బొటాక్స్ వయల్ మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఖాళీ వయల్ పంపారని ఏజెన్సీకి ఫోన్ చేయబోయాను. అడుగున ఆరిపోయిన చెమ్మ మరకలాంటి పొర తప్ప ఏమీ కనిపించదు. అసలు మందు అందులో నానోగ్రాముల్లో ఉంటుంది, అంటే గ్రాముని వందకోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలు. మాకు వచ్చేది థర్మాకోల్ డబ్బాలో, గడ్డకట్టిన జెల్ ప్యాకుల మధ్య. డబ్బా తెరిచి చెయ్యి పెట్టి చూస్తాం, ప్యాకులు కరిగి గోరువెచ్చగా ఉంటే సంతకం పెట్టకుండా వెనక్కి పంపేస్తాం. మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వాడే ముందు సెలైన్ కలపాలి. వయల్ లోపల గాలి తీసేసి ఉంటుంది కాబట్టి సూది గుచ్చగానే సెలైన్ తనంతట తనే లోపలికి లాక్కుంటుంది. అలా లాక్కోకపోతే ఆ వయల్ పారేయాల్సిందే. కలిపిన మందు ఇరవై నాలుగు గంటల్లో అయిపోవాలి.

ఇప్పుడు వ్యాపారం వైపు నుంచి ఆలోచించండి. వంద యూనిట్ల వయల్ ఖరీదు వేలల్లో ఉంటుంది. ఒక మనిషికి పట్టేది ఇరవై. మిగతా ఎనభై యూనిట్లు రేపటికి పనికిరావు. అందుకే "ఈ ఆదివారం మాత్రమే ఆఫర్" అని నలుగురైదుగుర్ని పోగుచేస్తారు. లేదా రెండున్నర మిల్లీలీటర్ల సెలైన్ కలపాల్సిన చోట అయిదు కలుపుతారు. లేదా వారం రోజులు ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన పెట్టి వాడతారు. లేదా ఏ కంపెనీదో తెలియని వయల్ నెట్‌లో సగం ధరకి తెప్పిస్తారు. ఏ క్లినిక్కైనా యూనిట్ రేటు చెప్పకుండా "ముఖం మొత్తం ఇంత" అని చెబితే, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి జరుగుతోందని నేను అనుమానిస్తాను. ఇది నా అనుభవంతో వచ్చిన అనుమానం, కోర్టులో నిలబడేది కాదు.

యూనిట్ల తిరకాసు ఇంకోటి. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌కి సమానం కాదు. అదే గీతలకి బొటాక్స్ 20 యూనిట్లైతే, ఇంకో కంపెనీ అమ్మే ఇలాంటి మందు డిస్‌పోర్ట్ 50 యూనిట్లు. దీని లెక్కతో దాన్ని వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"హెయిర్ బొటాక్స్" గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. మన ఊళ్ళల్లో ఈ పేరు జనాల నోట్లో నానింది జుట్టు ద్వారానే అని నా అనుమానం. నుదుటి ఇంజెక్షన్ గురించి విననివాళ్ళు కూడా పార్లర్లో హెయిర్ బొటాక్స్ చేయించుకుంటున్నారు. అందులో ఈ టాక్సిన్ ఒక్క చుక్క కూడా ఉండదు, అదొక రకం కండిషనర్ పూత. కానీ ఆ పేరు వల్ల జరిగిన నష్టం జరిగింది. జుట్టుకి పూసేది బొటాక్స్ అయితే నుదుటికి గుచ్చేది కూడా అలాంటిదేదో అయ్యుంటుందని, రెండూ పార్లర్ పనులేనని మనసులో పడిపోయింది. మా అక్క కూడా అదే అంది. "జుట్టుకి నిరుడు చేయించుకున్నా కదా, ఏం కాలేదు" అని.

ఈ పదార్థానికి అసలు పుట్టిల్లు వంటిల్లు. 1820ల్లో జర్మనీలో యుస్టినస్ కెర్నర్ అనే డాక్టరు, ఆయన కవి కూడా, పాడైన సాసేజీలు తిని జనం చూపు చెదిరి, మింగుడు పడక, ఊపిరాడక చనిపోవడం చూసి వందకి పైగా కేసులు రాసిపెట్టాడు. ఆ విషాన్ని కొంచెం తన మీదే ప్రయోగించుకున్నాడు. లాటిన్‌లో సాసేజీని బొటులస్ అంటారు, బొటాక్స్ అన్న పేరు అలా వచ్చింది. ఇంతటి విషాన్ని అతి తక్కువ మోతాదులో వాడితే అదుపు లేకుండా కదిలే కండరాలకి మందవుతుందేమోనని అప్పుడే రాశాడాయన. ఈ విషాన్ని తయారుచేసే క్రిమి గాలి తగలని చోట పెరుగుతుంది, పులుపు బాగా ఉన్నచోట తల ఎత్తలేదు. మన ఆవకాయ జాడీలో దాని ఆటలు సాగకపోవడానికి అదే కారణం.

కెర్నర్ ఊహ నిజమవడానికి నూటయాభై ఏళ్ళు పైనే పట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్నుకి దీన్ని వాడాడు, 1989లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదించింది. కెనడాలోని వాంకూవర్‌లో కంటి డాక్టరు జీన్ కరూథర్స్, చర్మం డాక్టరైన ఆమె భర్త అలస్టేర్ కరూథర్స్, కళ్ళు అదిరే జబ్బుకి ఇంజెక్షన్ చేస్తుంటే పేషెంట్ల నుదుటి గీతలు మాయమవుతున్నాయని గమనించారు. అక్కణ్ణుంచి 2002లో గీతల కోసమే ఆమోదం వచ్చేసింది. మెల్లకన్ను, మెడ వంకరపోయే జబ్బు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల బిగుసుకుపోయిన కాళ్ళు, మైగ్రేన్, వీటన్నిటికీ ఇది నిజంగా గొప్ప మందు. మెడ పక్కకి తిరిగిపోయి ఏళ్ళ తరబడి బాధపడ్డ ఒకాయన మూడు నెలలకోసారి మా హాస్పిటల్‌కి వస్తాడు. ఇంజెక్షన్ చేయించుకున్న పది రోజులకి నేరుగా మా కౌంటర్ వైపు చూస్తూ నడిచి వెళ్తాడు. అది చూసినవాళ్ళెవరూ ఈ మందుని నిషేధించమనరు.

కంచె తీసేస్తే ఏం జరుగుతుందో కూడా లోకం చూసింది. 2004 నవంబర్‌లో ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో నలుగురికి ముడతల ఇంజెక్షన్ చేశారు. అది అసలు బొటాక్స్ కాదు, ప్రయోగశాలల కోసం అమ్మే ముడి టాక్సిన్. ఒక్క వంద మైక్రోగ్రాముల వయల్‌లో 14,286 మంది పెద్దవాళ్ళని చంపేంత విషం ఉందని తర్వాత డాక్టర్లు లెక్క కట్టారు. నలుగురూ వెంటిలేటర్ మీదికి వెళ్ళారు, నెలల తరబడి కోలుకున్నారు. ఆ నలుగురిలో ఇంజెక్షన్ చేసిన డాక్టరే ఒకడు. తనకి తనే వేసుకున్నాడు! డిగ్రీ ఉన్నవాడు, చౌకగా వచ్చిందని తెచ్చుకుని, తన ఒంటికే ఎక్కించుకున్నాడు. డిగ్రీ ఒక్కటీ ఉంటే చాలదని నేను అనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అది పాతకథ అనుకోడానికి లేదు. 2024 వసంతానికల్లా అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మంది ఆడవాళ్ళు నకిలీ, లేదా తెలిసీ తెలియని చేతులు వేసిన బొటాక్స్ వల్ల జబ్బుపడ్డారు, పదకొండు మంది హాస్పిటల్లో చేరారు. కొందరు ఇళ్ళల్లో, స్పాల్లో వేయించుకున్నవాళ్ళు. దొరికిన నకిలీ డబ్బాల మీద 150 యూనిట్లు అని ఉంది. అసలు కంపెనీ ఆ సైజు తయారే చేయదు. మా ఫార్మసీలో చేరిన కొత్త కుర్రాడు కూడా పట్టేసే తప్పు అది. కానీ కుర్చీలో పడుకున్న మనిషికి డబ్బా చూపిస్తే కదా. 2025లో జూన్ 4 నుంచి జూలై 14 వరకు, ఆరు వారాల్లో, ఇంగ్లండులో 38 మందికి ఇలాంటి ఇంజెక్షన్ల వల్లే బొటులిజం, అంటే ఈ విషం ఒంట్లో పాకి వచ్చే జబ్బు, వచ్చింది.

ఎదుటివైపు మాట కూడా చెప్పాలి. ప్లాస్టిక్ సర్జన్ల అంతర్జాతీయ సంఘం లెక్కల్లో ప్రపంచంలో ఏటా డెబ్బై లక్షలకి పైనే ఈ ఇంజెక్షన్లు జరుగుతున్నాయి, ఎక్కువమందికి ఏమీ కావట్లేదు. 2009లో ఎఫ్‌డీఏ ఈ మందు మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది, వేసిన చోటు నుంచి దూరంగా పాకి గంటల్లో గానీ వారాల తర్వాత గానీ మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టం కావచ్చని. అప్పుడు వాళ్ళ దగ్గరున్న తీవ్రమైన కేసుల్లో ఎక్కువ సెరిబ్రల్ పాల్సీ పిల్లలవి, పెద్ద మోతాదులు వేసినవి. కనుబొమ్మల గీతలకి సరైన మోతాదు వేసినప్పుడు అలా పాకిందని గట్టిగా చెప్పగలిగిన కేసు లేదని కూడా వాళ్ళే చెప్పారు. దాన్ని నేను దాచను. కానీ "సరైన మోతాదు" అన్న ఆ రెండు మాటలకి మా అక్క బిల్లు మీద చోటు లేదు. పైగా ఇప్పుడు నుదుటితో ఆగట్లేదు. దవడ సన్నబడాలని, మెడ పొడుగ్గా కనబడాలని, భుజాలు దిగాలని అంతకి రెండింతలు, మూడింతల మోతాదులు వేస్తున్నారు. మెడలో కాస్త లోతుకి వెళ్తే మింగే కండరాలు అక్కడే ఉన్నాయి.

సరే, ఆ రోజు సంగతి. అక్క చేత నిజం చెప్పించి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. కంటిపాప చూశాడు, కన్ను నాలుగు వైపులా తిప్పించాడు, నిమిషంపాటు పైకి చూడమన్నాడు. "మింగడం ఎలా ఉంది? గొంతు బొంగురుపోయిందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా? ఆయాసం?" అన్నిటికీ లేదు అంది. "ఇందులో ఏ ఒక్కటి వచ్చినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి రండి, వచ్చి మొట్టమొదట ఈ ఇంజెక్షన్ సంగతే చెప్పండి" అన్నాడు. స్కాన్ ప్రస్తుతానికి ఆపాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు విని నాకు చెమటలు పట్టాయి. కండరాల నీరసం జబ్బు ఏదైనా ఉందా, ఈ మధ్య అమికాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేయించుకున్నారా అని. మయస్తీనియా అనే ఆ కండరాల నీరసం జబ్బు ఉన్నవాళ్ళకి ఈ టాక్సిన్ పడితే ఊపిరి మీదికే రావచ్చు. ఆ యాంటీబయాటిక్స్ దీని ప్రభావాన్ని పెంచుతాయి. గుచ్చకముందు అడగాల్సిన ప్రశ్నలివి. పార్లర్లో అడిగింది ఒక్కటే, క్యాషా ఫోన్‌పేనా అని.

నిజం చెప్పకపోయుంటే? ఎంఆర్ఐకి కొన్ని వేలు, ఏమీ కనబడకపోతే ఇంకో పరీక్ష, ఇంకో డాక్టరు, పెళ్ళింట్లో ఏడుపులు. అది కూడా చిన్న నష్టమే. నిజంగా విషం పాకిన మనిషి "ఏం లేవండీ" అని చెబితే, యాంటీటాక్సిన్ ఇవ్వాల్సిన మొదటి గంటలు పోతాయి.

అంత తెలివైన మనిషి డాక్టరు ముందు ఎందుకు దాచింది? ఇందులో మనందరికీ వాటా ఉంది. ముడతలు తీయించుకున్న ఆడవాళ్ళంటే మనకి వెటకారం. ఏ హీరోయిన్ ఫోటో పెట్టినా కింద "ముఖం వాచింది, బొటాక్స్ బాపతు" అని వంద కామెంట్లు. గడ్డానికి రంగేసుకుని ఆ కామెంట్ రాసేవాళ్ళని నాకు తెలుసు. నేనూ జుట్టుకి రంగేస్తాను, నెలకోసారి, ఒక్కసారి కూడా సిగ్గుపడలేదు. యాభై రెండేళ్ళ మనిషి కొడుకు పెళ్ళి ఫోటోల్లో కాస్త కళగా కనబడాలనుకుంటే అదేం నేరం? ఆ వెటకారానికి భయపడే డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా సందు చివర పార్లర్‌కి వెళ్తున్నారు. అక్కడైతే ఫేషియల్‌కి వెళ్ళానని చెప్పుకోవచ్చు, క్లినిక్ మెట్లెక్కుతూ ఎవరి కంటా పడక్కర్లేదు.

డాలస్‌లో ఉండే మా ఆడపడుచు డిసెంబర్లో వచ్చినప్పుడల్లా పళ్ళ క్లీనింగ్, కళ్ళజోడు, ఇప్పుడు కొత్తగా ఇది, అన్నీ ఇక్కడే చేయించుకుని వెళ్తుంది. అక్కడ డాక్టరు దగ్గర ఖర్చెక్కువట. మూడు వారాల ట్రిప్పు. మందు పూర్తిగా పట్టేది రెండు వారాలకి. ఏదైనా తేడా వస్తే విమానంలో ఉంటుంది, లేదా అక్కడి ఎమర్జెన్సీలో కూర్చుని ఏ మందో, ఎంతో తెలియదని చెబుతూ ఉంటుంది. "వదినా, వేయించుకో, వద్దనను. కానీ వయల్ మీద లేబుల్ నీ ఫోన్‌లో ఫోటో తీసుకో, ఎన్ని యూనిట్లు వేశారో రాయించుకో" అన్నాను. సీలున్న వయల్ నీ కళ్ళముందు తెరవమను, నింపిన సిరంజి పట్టుకొస్తే లేచి వచ్చెయ్యి. వేసేది రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న డాక్టరేనా కనుక్కో, ఆ నంబర్ మెడికల్ కౌన్సిల్ దగ్గర సరిచూసుకోవచ్చు. ఆవిడ నవ్వి, "నువ్వు పెళ్ళిచూపులకంటే ఎక్కువ ప్రశ్నలు అడగమంటున్నావు" అంది.

పెళ్ళి జరిగింది. కంటి చుక్కలు వేసినా రెప్ప ఓ మాదిరిగానే లేచింది. అడిగినవాళ్ళకల్లా ఇన్‌ఫెక్షన్ అని చెప్పింది అక్క. మా చిన్నమ్మమ్మ మాత్రం దిష్టి అని తేల్చి, తలంబ్రాల ముందు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. బావగారికి ఇప్పటికీ తెలియదు. ఈ వ్యాసం ఆయన చదవరు, ఆయన క్రికెట్ తప్ప ఏదీ చదవరు. అక్క మాత్రం చదివింది, రాయమన్నది కూడా తనే. రెప్ప అయిదో వారానికి పూర్తిగా లేచింది. ఆల్బమ్ వచ్చింది. ఫోటోగ్రాఫర్ కంప్యూటర్లో సరిచేశాడు, అన్ని ఫోటోల్లోనూ రెండు కళ్ళూ సమానంగా ఉన్నాయి.

మందుల వల్ల చెడు జరిగితే చెప్పడానికి మన దేశంలో ఒక ఉచిత నంబర్ ఉంది, 1800-180-3024. మామూలు జనం కూడా ఫోన్ చేయొచ్చు. నేను ఫోన్ చేయకుండా ఫారం నింపాను, అది నాకు అలవాటైన పని. అక్క పేరులోని మొదటి అక్షరాలు, వయసు, ఏం జరిగింది, ఎన్ని రోజులకి తగ్గింది, గబగబా రాసుకుంటూ పోయాను. మందు పేరు దగ్గర ఆగాను. తయారీదారు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, మోతాదు. మందు ఎవరు రాసిచ్చారు.

అక్క చేత పార్లర్‌కి ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టింది. అవతల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "అది మిక్స్‌డ్ బాటిల్ మేడమ్, లేబుల్ ఉండదు. టచప్ టైమ్ కూడా దగ్గర పడింది కదా, బుక్ చేయమంటారా?"